ఖాళీ షీట్ల సిస్టరమ్మ

కొత్తగా నర్సు ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు బోడుప్పల్‌లోని మా ఇంటికి వస్తుంటారు. "మేడం, పేషెంట్లు మీ మాట అంత బాగా ఎలా వినేవాళ్ళు?" అని అడుగుతారు. టీ ఇస్తాను, బిస్కెట్లు పెడతాను, ఆ ప్రశ్న వచ్చినప్పుడు మాత్రం మాట మారుస్తాను. ఎందుకంటే నా మాట ఎవరూ వినలేదు. విన్నట్టు చూపించారు, అంతే. ఆ సంగతి తెలుసుకోవడానికి నాకు ఆరేళ్ళు పట్టింది, పైగా ఒక మనిషి తల పగలాల్సి వచ్చింది. ఇవాళ ఇక దాచకుండా చెప్పేస్తాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, కానీ చివరిదాకా చదవండి.

నేను నాచారంలో ఒక చిన్న సర్కారు దవాఖానాలో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. మాది గుంటూరు వైపు. మావారి ఉద్యోగం వల్ల ఉప్పల్ వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. నా భాష ఇప్పటికీ పూర్తిగా మారలేదు కానీ నా తిట్లు మాత్రం ఎప్పుడో హైదరాబాదీ అయిపోయాయి. మా దవాఖానా చుట్టూ ఫ్యాక్టరీలు, వాటి వెనక సందుల్లో వాటిలో పనిచేసేవాళ్ళ ఇళ్ళు. నల్లగొండ, జనగామ, మహబూబ్‌నగర్ ఇలా అన్ని జిల్లాలవాళ్ళూ ఉండేవాళ్ళు. నలభై దాటినవాళ్ళందరికీ బీపీ చూడటం, ఉన్నవాళ్ళకు నెలకు సరిపడా గోలీలు ఉచితంగా ఇవ్వడం, వాళ్ళు వేసుకుంటున్నారో లేదో కనిపెట్టుకుని ఉండటం నా పని.

మూడోది ఎంత కష్టమో ఈ పని చేసినవాళ్ళకే తెలుస్తుంది. జ్వరం గోలీ అయితే చెప్పక్కర్లేదు, ఒళ్ళే చెబుతుంది. బీపీకి నొప్పా, దగ్గా, ఏమీ ఉండదు. "నాకేమైతలేదు గదా సిస్టరమ్మా, గోలీ ఎందుకు?" అని మనల్నే అడుగుతారు. ఏమీ కాకముందే వేసుకోవాలని మనం చెబుతాం. వాళ్ళు తల ఊపుతారు. వచ్చే నెల గోలీల షీటులో సగం మిగుల్చుకుని వస్తారు.

చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఒకరోజు ఒక రూలు పెట్టాను. ఖాళీ షీటు చూపిస్తేనే కొత్త షీటు. అట్టముక్క మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాలతో రాసి మందుల కిటికీ పక్కన వేలాడదీశాను. గోలీలు మిగిలిన షీటు తెచ్చినవాళ్ళకు గోలీలు ఇవ్వకుండా పంపే అధికారం నాకు లేదు కాబట్టి, ఇచ్చేముందు లైన్లో అందరి ఎదుటా కడిగిపారేసేదాన్ని. "పిల్లల పెళ్ళిళ్ళు చూడాలని లేదా? కాలూ చెయ్యీ పడిపోతే ఎవరు చేస్తారు నీకు?" అని గొంతు చించుకునేదాన్ని. మూడు నెలలు తిరిగేసరికి అందరూ ఖాళీ షీట్లే తెస్తున్నారు. ఒక్క గోలీ మిగిల్తే ఒట్టు.

నా గర్వం చూడాలి మీరు! ఆ ఖాళీ షీట్లన్నీ ఒక గోనెసంచిలో వేసి, మీటింగుకు మోసుకెళ్ళి పెద్దాఫీసరు ముందు కుమ్మరించాను. ఆయన మిగతా నర్సులందరితో "చూడండమ్మా, పని అంటే ఇది" అన్నాడు. శాలువా కప్పారు. ఆ శాలువాతో దిగిన ఫొటో మా హాల్లో చాలాకాలం ఉంది. ఇప్పుడు బీరువాలో చీరల కింద ఉంది.

మా ఫార్మసిస్టు ఒక్కడే ఆ శాలువాకు పెద్దగా చప్పట్లు కొట్టలేదు. నెమ్మదైన మనిషి, అడిగితే తప్ప మాట్లాడడు. ఆ సాయంత్రం మాత్రం అడక్కుండానే అన్నాడు. "మేడం, గింతమందిల ఒక్కరు గూడ ఒక్క గోలీ మర్సిపోతలేరంటే నాకు జర డౌటే. నాకు షుగరుంది. గోలీల నడుమ కూసునే నేనే వారంల రెండ్రోజులు మర్సిపోత."

"మీలాంటివాళ్ళు కాదు నా పేషెంట్లు" అన్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

షీట్లు ఖాళీ అవుతున్నాయి, బీపీలు మాత్రం దిగడం లేదు. దానికీ నా దగ్గర జవాబు ఉంది. ఉప్పు, ఊరగాయలు, క్యాంటీన్ బజ్జీలు, టెన్షన్. నా రూలు తప్ప ప్రపంచంలో ఉన్నవన్నీ కారణాలే.

నా పేషెంట్లలో ఒకామె ఉండేది. నలభై అయిదేళ్ళుంటాయి. భువనగిరి వైపు నుంచి వచ్చింది, భర్త పోయాడు. నాచారంలోనే ఒక బిస్కెట్ల కంపెనీలో కాంట్రాక్టు మీద ప్యాకింగ్ పని. ఇద్దరు ఆడపిల్లల్ని చదివిస్తోంది. ఆమెకు నెలనెలా వచ్చే జీతం తప్ప వెనకా ముందూ ఏమీ లేదు. ఆమె షీట్లు తెచ్చే తీరే వేరు. నలిగినవి నలిగినట్టు తెచ్చేది కాదు. చేత్తో సాపు చేసి, వరసగా పేర్చి, రబ్బరుబ్యాండు వేసి తెచ్చేది. "నేర్చుకోండి ఈమెను చూసి" అని లైనుకంతా చూపించేదాన్ని. ఆమె తల దించుకునేది. వినయం అనుకున్నాను.

మొదట్లో ఆమెకు ఒకటే గోలీ. బీపీ కొంత తగ్గింది కానీ ఇంకా తగ్గాలని మా డాక్టరమ్మ రెండోది కలిపింది, ఒంట్లో నీరు తీసే గోలీ. డాక్టరమ్మ వయసులో నాకంటే చాలా చిన్నది, తెలివైనది, నా ఖాళీ షీట్ల మీద పూర్తి నమ్మకం ఉన్నది. ఆ తర్వాత విచిత్రంగా బీపీ తగ్గకపోగా పెరగడం మొదలైంది. మందు డోసు పెంచింది. మూడోది కలిపింది. నూట ఎనభై కిందికి రాదు. ఆ వేసవిలో ఒకరోజు డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి, "ఇన్ని మందులకు కూడా తగ్గట్లేదంటే మనవల్ల కాదు సిస్టర్. పెద్ద హాస్పిటల్‌కు పంపుదాం. కిడ్నీలకు పరీక్షలు చేయించాలి" అంది.

పెద్ద హాస్పిటల్ అంటే కనీసం మూడు నాలుగు రోజులు పని పోతుంది. ఆమె మొహం పాలిపోయింది. నాకు జాలేసింది. జాలి నిజమే కానీ లోపల ఇంకొకటి కూడా ఉంది. అక్కడి పెద్ద డాక్టర్లు మొట్టమొదట అడిగేది, మందులు సరిగ్గా వేసుకుంటోందా అని. నా పేషెంటు మీద ఆ అనుమానమా? వెంటనే అన్నాను, "ఒక్క వారం ఆగండి మేడం. రోజూ పొద్దున నా ముందు నేనే వేయిస్తాను. అప్పుడు పంపుదాం. ఎవరూ వేలెత్తి చూపించకుండా."

మర్నాడు తొమ్మిదికే వచ్చింది, డ్యూటీకి పోయేముందు. నేను గ్లాసుతో నీళ్ళు పెట్టి, గోలీలన్నీ అరచేతిలో పోశాను. ఆమె వాటి వంక చూసి నా వంక చూసింది.

"గియ్యన్ని ఒక్కపారేనా సిస్టరమ్మా?"

"రోజూ వేసుకునేవే కదమ్మా!"

"ఆ... రోజు ఏసుకునేటియే" అని కళ్ళు మూసుకుని మింగేసింది. నీళ్ళు కూడా ఒక్క గుక్కే తాగింది.

ముప్పై ఏళ్ళ సర్వీసు నాది. సూది చూసి పిల్లవాడు ఏడుస్తాడో లేదో మొహం చూసి చెప్పగలనని అందరి దగ్గరా డప్పు కొట్టుకునేదాన్ని. ఆ మొహం మాత్రం నాకు కనపడలేదు. నాలుగు రోజులు వరసగా మింగించాను. బీపీ వారం చివర చూద్దాంలే అనుకున్నాను. రోజూ చూస్తే ఆ నాలుగు నిమిషాలు లైను ఆగిపోతుందని నా తొందర.

నాలుగో రోజు నా ముందు మింగి వెళ్ళిన గంటకు ఒక ఆటో మా గేటు ముందు ఆగింది. కంపెనీ యాప్రాన్లు వేసుకున్న ఇద్దరు ఆడవాళ్ళు ఆమెను రెక్కలు పట్టి దింపుతున్నారు. నుదురు చీలి రక్తం చెంపమీదుగా జాకెట్టు మీదికి కారుతోంది. ఫ్యాక్టరీ లోపల నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే పడిపోయిందట, మిషను అంచు తగిలిందట.

బల్లమీద పడుకోబెట్టి బీపీ చూశాను. ఎనభై చూపించింది. పైది ఎనభై. మిషను చెడిపోయిందనుకున్నాను. మళ్ళీ చూశాను. బ్యాటరీలు మార్చి చూశాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. బ్యాటరీ ఒకటి కింద పడి దొర్లిపోతే దాని వెనక పరిగెత్తాను. డాక్టరమ్మ వచ్చి కాళ్ళ కింద దిండ్లు పెట్టించి సెలైన్ ఎక్కించమంది. నేను నరం దొరకబట్టడానికి రెండుసార్లు పొడిచాను. అలా నాకు ఎన్నడూ కాలేదు. ఈ మనిషి పోతే, ఆ ఇద్దరు పిల్లలకు నేనేం చెప్పాలి అన్న ఒక్క మాటే బుర్రలో తిరుగుతోంది. నన్ను అంతగా భయపెట్టిన పూట ఇంకొకటి లేదు.

సెలైన్ సగమయ్యేసరికి బీపీ వంద దాటింది. ఆమె కళ్ళు తెరిచింది. డాక్టరమ్మ నుదుటికి కుట్లు వేస్తూ, తల ఎత్తకుండా, నెమ్మదిగా అంది. "సిస్టర్, ఈమె రోజూ ఈ మందులు వేసుకునే మనిషైతే, ఈ నాలుగు రోజుల్లో ఇలా ఎందుకవుతుంది?"

ఆటోలో వచ్చిన ఇద్దరిలో పెద్దామె చెప్పింది. "ఒంటికి, గదే బాత్రూంకు పోవాలంటే మా తాన టోకెన్ తీస్కోవాలె మేడం. లైన్ల ముప్పైమందిమి, టోకెన్లు రెండే. సూపర్‌వైజర్ తాన ఉంటయి. ఒకలు పోయొస్తెనే ఇంకొకలు. మాటిమాటికి అడిగితె గేటు బయటికి పంపుతడు. గందుకే ఈమె పొద్దుగాల సంది నీళ్ళే తాగది. మీ గోలీ ఏసుకుంటె గంటకోపారి పోవాలె. ఎట్ల ఏసుకుంటది?"

ఎండాకాలం, నీళ్ళు తాగని ఒళ్ళు, అందులోంచి ఇంకా నీరు తీసే మందు, పైన ఆమె రోజూ వేసుకోవట్లేదని తెలియక మేము పెంచుకుంటూ పోయిన డోసులు. అన్నీ కలిపి నాలుగు రోజులు నా చేత్తో నేనే పోశాను.

"మూడిట్ల ఏది నీళ్ళ గోలీయో నాకు తెల్వదు సిస్టరమ్మా" అంది ఆమె బల్లమీద నుంచి, గొంతు పీలగా. "అన్ని తెల్లగనే ఉంటయి. గందుకే అన్ని బంద్ జేసిన. ఆయితారం ఒక్కనాడు ఏసుకుంట, ఇంట్లనే ఉంట గదా."

"మరి ఆ ఖాళీ షీట్లు?"

"గోలీలు ఒత్తి తీసి డబ్బల ఏసిన. నువ్వు ఖాళీ షీట్లు తెమ్మన్నవ్, తెచ్చిన. గోలీ ఎందుకు ఏసుకుంటలేవని ఎన్నడన్న అడిగినవా?"

తల తీసేసినట్టయింది. నేనూ ఆడదాన్నే. నేను అడగడానికి, ఆమె చెప్పడానికి ఇంతకంటే తేలికైన సంగతి ఏముంది? ఆమెకు సిగ్గు అడ్డం రాలేదు. లైనులో అందరి ఎదుటా నా నోరు అడ్డం వచ్చింది. పక్క గదిలోకి వెళ్ళి దూది సర్దుతున్నట్టు నటిస్తూ కాసేపు ఏడ్చాను. ఫార్మసిస్టు తలుపు దగ్గరికి వచ్చి, టీ గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ఒక్క మాట ఎత్తిపొడిచినా నాకు అంత బాధ ఉండేది కాదు.

అక్కడితో అయిపోలేదు. రెండ్రోజులకు ఆమె కుట్లకు కట్టు మార్పించుకోవడానికి వచ్చి, "ఫిట్స్ మనిషిని లైన్ల పెట్టుకోం అంటున్నరు సిస్టరమ్మా, రావద్దన్నరు" అంది. ఏడవలేదు. కట్టు కట్టేంతసేపూ గోడవైపు చూస్తూ కూర్చుంది. పెద్దమ్మాయికి పరీక్ష ఫీజు కట్టాల్సిన నెల అని తర్వాత తెలిసింది.

డాక్టరమ్మ దగ్గర ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రాయించుకుని నేనే కంపెనీకి వెళ్ళాను. యూనిఫాం తీయకుండా, ఆటోలో, యుద్ధానికి పోతున్నట్టు. దారంతా సూపర్‌వైజర్ని ఏమేమి అనాలో వరస పెట్టుకున్నాను. అతను ముప్పై ఐదేళ్ళవాడు, మర్యాదగానే కుర్చీ వేశాడు. అతని మెడలో తాడుకు నిజంగానే రెండు ప్లాస్టిక్ బిళ్ళలు వేలాడుతున్నాయి. టోకెన్ల సంగతి ఎత్తగానే వాటిని చేత్తో పట్టుకుని చూపించాడు.

"గివి పెట్టినంక సూడున్రి మేడం, పని మస్తుగయితుంది. ఎవ్వలు లైన్ ఇడిసి పోతలేరు. ఒక్క కంప్లైంట్ లేదు. మా మేనేజర్ మీటింగుల నన్నే మెచ్చుకున్నడు."

అతను చెబుతున్నది నాకు కంఠతా వచ్చు. శాలువా ఒక్కటే తక్కువ అతనికి.

తిట్టడానికి పోయినదాన్ని బతిమాలుకుని వచ్చాను. "అన్నా, ఆమెది ఫిట్స్ కాదు. తప్పు మాది. మందు ఎక్కువయింది. నా మాట కాకపోతే డాక్టరమ్మతో మాట్లాడు" అని ఫోను కలిపి ఇచ్చాను. డాక్టరమ్మ పది నిమిషాలు మాట్లాడింది. నా పేషెంటును సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నారు. తర్వాత కొన్నాళ్ళకు టోకెన్లు కూడా తీసేశారని విన్నాను. అది నా గొప్ప కాదు. లోపల మనిషి పడి రక్తం కారిందని పైవాళ్ళు భయపడ్డారు.

మందులు సరిచేయడానికి డాక్టరమ్మకు రెండు నిమిషాలు పట్టింది. నీళ్ళ గోలీ తీసేసింది. మిగిలినవాటిలో తక్కువ డోసుతో ఒక్కటే, రాత్రి అన్నం తిన్నాక. వారానికోసారి వచ్చి చూపించుకోమంది. రెండు నెలలకు ఆమె బీపీ నూట ముప్పై ఆరుకు దిగింది. ఆ అంకె చూసి నేను మిషను బ్యాటరీలు మార్చబోతే ఆమె గలగలా నవ్వింది. ఆమె నవ్వగా చూడటం నాకు అదే మొదలు.

ఆ నవ్వులోనే అంది. "నా ఒక్కదాని కతే అనుకుంటున్నవా సిస్టరమ్మా? నీ లైన్ల నిలబడేటోల్లు సగంమంది ఒత్తి డబ్బల ఏసేటోల్లే. నిన్ను ఖాళీ షీట్ల సిస్టరమ్మ అంటరు బస్తీల."

మర్నాడు అట్టముక్క పీకేశాను. డాక్టరమ్మతో మాట్లాడి, వచ్చే శనివారం మిగిలిన గోలీలు ఎన్ని ఉంటే అన్నీ తెచ్చి ఇవ్వండి, ఎవరినీ తిట్టం అని బస్తీలో చెప్పించాను. ఆ మాట ఒక్కరూ నమ్మలేదు. నమ్మకపోవడానికి వాళ్ళకు ఆరేళ్ళ అనుభవం ఉంది. చివరికి ఆమే డ్యూటీ నుంచి వచ్చాక ఇల్లిల్లూ తిరిగి, తన నుదుటి మచ్చ చూపించి, "తిట్టది, నాకు మాటిచ్చింది" అని చెప్పిందట.

శనివారం పొద్దున నా బల్లమీద ఒక ప్లాస్టిక్ టబ్బు పెట్టాం. మొదట ఆమే వచ్చి ఒక హార్లిక్స్ సీసా బోర్లించింది. తర్వాత ఒకామె పసుపు డబ్బా, ఒకాయన పాత చెప్పుల పెట్టె, ఇంకొకాయన చేతిరుమాలులో మూట. మెషీన్లు తిప్పేవాళ్ళు, వాచ్‌మెన్లు, పోచారం సాఫ్ట్‌వేర్ క్యాంపస్‌లో ఊడ్చే ఆడవాళ్ళు, అందరూ వరసగా వచ్చి కుమ్మరించారు. పదకొండయ్యేసరికి టబ్బు నిండి, ఫార్మసిస్టు లోపల్నుంచి బకెట్ తెచ్చాడు. ఆరేళ్ళ నా ఉద్యోగమంతా తెల్లగా, గులాబీరంగుగా కళ్ళ ముందు కుప్పపడింది. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆమె నా కుర్చీ పక్కనే నిలబడి ఉంది, ఆ రోజు సెలవు పెట్టి మరీ.

అప్పుడొచ్చాడు ఒకాయన. అరవై దాటినవాడు, గోడౌన్ దగ్గర వాచ్‌మెన్. రెండు క్యారీబ్యాగులు నిండుగా తెచ్చి, బల్లమీద పెట్టి, ఇకిలిస్తూ అన్నాడు, "సిస్టరమ్మా, నేనైతె నాలుగేండ్ల సంది ఒక్కటి గూడ ఏసుకోలె. ఒట్టు."

నాకు తెలియకుండానే కుర్చీలోంచి లేచాను. వేలు గాలిలోకి లేచింది. నోరు తెరుచుకుంది. లైనంతా ఒక్కడుగు వెనక్కి వేసింది.

నా భుజం మీద ఒక చెయ్యి పడింది. గట్టి చెయ్యి, రోజంతా అట్టపెట్టెలు ఎత్తే చెయ్యి.

"కూసో సిస్టరమ్మా" అంది ఆమె.

కూర్చున్నాను. ఒక గ్లాసు నీళ్ళు తాగాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఎందుకు వేసుకోలేదు అన్నా?"

ఆయన మొహంలో నవ్వు ఆగిపోయింది. నేను అడిగింది ఎవరినోనని వెనక్కి తిరిగి చూశాడు.